గైడు కొనాలా, ఎక్స్‌రే తీయించాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకే ప్రశ్న మూడు వేషాల్లో కనిపించింది. వికలాంగుల పింఛను, సర్టిఫికెట్, భత్యం ఏదైనా కానివ్వండి, కాదన్నాక అప్పీలుకు వెళ్లాలంటే డబ్బు పెట్టి గైడు కొనాలా అని. మూడింటికీ ఒకే జవాబు సరిపోదు కాబట్టి మూడూ వేస్తున్నాను.

ప్రశ్న: మా తమ్ముడికి 2016లో లారీ గుద్ది కుడి తొడ ఎముక విరిగింది. రాడ్ వేశారు, మోకాలు పూర్తిగా మడవదు. అదే ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్లు దెబ్బతిని ముడుచుకుపోయాయి. అప్పుడు వైకల్యం శాతం తేల్చే సదరం వైద్య పరీక్షలో 52 శాతం ఇచ్చారు, పింఛను వస్తోంది. మొన్న మళ్లీ పరీక్షకు పిలిచి 36 శాతమే అన్నారు, పింఛను ఆపుతామని నోటీసు కూడా వచ్చింది. అప్పీలు చేసుకోవచ్చని అందులోనే ఉంది. మా దగ్గర ఒకతను వాట్సాప్‌లో 'అప్పీల్ గైడ్' అని పీడీఎఫ్ 499 రూపాయలకు అమ్ముతున్నాడు, ఇంకో వెయ్యి ఇస్తే అర్జీ తనే రాసి పెడతాడట. మా ఇంట్లో 499 అంటే చిన్న సంగతి కాదు సార్, అలాగని నెలకు 6 వేలు పోతే తట్టుకోలేం. కొనమంటారా? పాత సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్ ఫొటోలు పంపుతున్నాను.
– ఒక అక్క, వినుకొండ దగ్గర

జవాబు: కొనకండమ్మా. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత కారణాల్లోకి వస్తాను, ఎందుకంటే మీరు జవాబు కోసం చూస్తుండగానే ఆ అబ్బాయి 'ఆఫర్ ఈ రోజు వరకే' అని రెండు మెసేజీలు పెట్టేసి ఉంటాడు.

అలాంటి గైడు ఒకటి నేనూ కొన్నాను. మా నాన్నకు చెవుడు. మొదటిసారి సర్టిఫికెట్ రాలేదు. టెన్షన్‌లో ఎవరో చెబితే 300 కట్టి పీడీఎఫ్ తెప్పించుకున్నాను. నలభై పేజీలు. సగం పేజీల్లో చట్టాన్ని ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు దించేశారు, అది ప్రభుత్వ సైట్‌లో ఊరికే దొరుకుతుంది. తర్వాత దరఖాస్తు నమూనా, అది జిరాక్సుకు జిరాక్సు, అక్షరాలు పోయి గీతలే మిగిలాయి. చివరి రెండు పేజీలు మాత్రం అమ్మినవాడి సొంత తెలివి. 'డాక్టరు పిలిస్తే వెంటనే పలకవద్దు' అని రాశాడు. అది మా నాన్నకు చదివి వినిపించాను, అదీ చెవి దగ్గర అరిచి. "వినపడితే కదరా పలకకుండా ఉండటానికి" అన్నాడాయన. చివరికి మా పని చేసి పెట్టింది బెరా పరీక్ష. శబ్దం పెట్టి, మెదడు దాకా సంకేతం వెళ్తోందో లేదో మిషనే చూస్తుంది, మనిషి చెయ్యెత్తి వినపడిందని చెప్పనక్కర్లేదు. ఆ రిపోర్టు తీసుకుని వెళ్లాక ఎవరూ మమ్మల్ని ఇంకో ప్రశ్న అడగలేదు.

నటించమని చెప్పే గైడు అయితే డబ్బు దండగ అవడమే కాదు, ప్రమాదం కూడా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 91వ సెక్షన్ ప్రకారం మోసం చేసి ఈ ప్రయోజనాలు పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నిజంగానే కాలు బాగాలేని మనిషి ఎవడో చెప్పాడని ఇంకొంచెం ఎక్కువ కుంటితే, ఆరితేరిన డాక్టరు కళ్లకు అది ఇట్టే దొరుకుతుంది, ఆ తర్వాత ఉన్న లోపాన్ని కూడా అనుమానంగానే చూస్తారు.

ఇక అసలు సంగతి. మన దగ్గర శాతం అనేది వాదనతో వచ్చేది కాదు, కొలతతో వచ్చేది. డాక్టరు ముందు కేంద్రం గెజిట్‌లో ఇచ్చిన కొలతల పద్ధతి ఉంటుంది, 2018లో ఇచ్చారు, 2024 మార్చిలో మార్చారు. కీలు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో గోనియోమీటరు పెట్టి చూస్తారు, కండరం బలానికి సున్నా నుంచి ఐదు దాకా గ్రేడు వేస్తారు, ఆ అంకెల్లోంచి శాతం కడతారు. మానసిక అనారోగ్యానికి, ఆటిజానికి వేరే స్కేళ్లు ఉన్నాయి. వినికిడి అయితే డెసిబెల్స్: రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 మధ్య నష్టం ఉంటే వినికిడి తక్కువ అని, 70 ఉంటే చెవుడు అని చట్టంలోనే రాశారు. మీరు అర్జీలో మీ కుటుంబం కష్టం అంతా కళ్లకు కట్టినట్టు రాసినా మోకాలు మడిచే డిగ్రీలు అటూ ఇటూ కావు. అర్జీ రాయడం నేర్పే గైడు మీకు అవసరంలేని వస్తువు, అంతే.

మరి 52 ఎలా 36 అయింది? మీరు పంపిన రెండు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. పాతదాంట్లో శరీర భాగం రాసే చోట కుడి కాలు, కుడి చెయ్యి అని రెండూ ఉన్నాయి. కొత్తదాంట్లో 'రైట్ లోయర్ లింబ్' అని ఒక్కటే. చెయ్యి ఊసే లేదు! ఆ రోజు క్యాంపులో జనం ఉండి ఉంటారు, మీ తమ్ముడు ప్యాంటు పైకి మడిచి కాలు చూపించి ఉంటాడు, చెయ్యి చూడమని ఆయనా చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. ఇలా అయిందని నేను ప్రమాణం చేయలేను కానీ కాగితం మాత్రం అదే చెబుతోంది. ఇది ఏ 499 రూపాయల పీడీఎఫ్‌లోనూ ఉండదమ్మా, మీ బీరువాలోనే ఉంది. ఒక్క మాట, రెండు చోట్ల లోపం ఉంటే రెండు శాతాలను నేరుగా కూడరు, ఒక సూత్రం ప్రకారం కలుపుతారు, కూడితే వచ్చేదానికంటే తక్కువే వస్తుంది. కాబట్టి మళ్లీ 52 వస్తుందని ఆశ పెట్టుకోకండి. పింఛను నిలవడానికి మీకు కావాల్సింది 40, ఆ గీత అందుకుంటే చాలు.

అర్జీ అర పేజీ చాలు, ఇలా రాయండి: "నాకు ఫలానా తేదీన పరీక్ష జరిగింది. నా పాత సర్టిఫికెట్‌లో కుడి కాలు, కుడి చెయ్యి రెండూ ఉన్నాయి. కొత్త సర్టిఫికెట్‌లో కుడి కాలు మాత్రమే ఉంది. చేతిని పరీక్షించలేదు. రెండింటినీ కలిపి మళ్లీ పరీక్షించమని కోరుతున్నాను." కింద సంతకం, ఫోన్ నంబరు, జత చేసిన కాగితాల పేర్లు. 'మా నాన్నగారు చనిపోయారు, ఇద్దరు ఆడపిల్లలు, ఇల్లు కురుస్తోంది' లాంటివేవీ వద్దు. నిజమే అయినా వద్దు, చదివేవాడి కన్ను చెయ్యి అన్న మాట మీద పడాలి.

ఎక్కడ ఇవ్వాలంటే ఇక్కడ రెండు దారులున్నాయి, చాలామంది ఇక్కడే కలగాపులగం చేస్తారు. పింఛను నోటీసు మీద అప్పీలు ఎంపీడీవోకు, పట్టణమైతే మున్సిపల్ కమిషనర్‌కు. మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును అడిగితే ఎలా పెట్టాలో చెబుతారు. నోటీసు మీద రాసిన గడువు చూసుకోండి, అది దాటితే నేను ఇక్కడ రాసిందంతా వృథా. సర్టిఫికెట్‌లోని శాతం మీదే అభ్యంతరం అయితే దానికి చట్టంలో 59వ సెక్షన్ ఉంది, రాష్ట్రం రూల్స్‌లో పెట్టిన గడువులోపు, రాష్ట్రం నియమించిన అప్పీలు అధికారికి పెట్టుకోవచ్చు, ఆ రూల్స్ ప్రకారమే వాళ్లు దాన్ని తేల్చాలి. ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. "ఇచ్చాం సార్, తీసుకున్నారు" అంటే ఎవరూ వినరు, స్టాంపు చూపిస్తే వింటారు.

డబ్బు పెట్టాలనే ఉంటే తమ్ముడి శరీరానికి సంబంధించిన కాగితాల మీద పెట్టండి. చేతికి, మోకాలికి కొత్త ఎక్స్‌రే, ప్రభుత్వాసుపత్రిలో అయితే దానికీ ఖర్చు ఉండదు. ఫిజియోథెరపిస్టు ఉంటే వేళ్లు ఎన్ని డిగ్రీలు మడుస్తున్నాయో, పిడికిలి పట్టు ఎంత ఉందో అంకెలు వేసి లెటర్‌హెడ్ మీద రాయించండి. ఆపరేషన్ అప్పటి డిశ్చార్జి సమ్మరీ ట్రంకు పెట్టెలో ఉందన్నారు కదా, బయటికి తీసి నాలుగు జిరాక్సులు తీయించండి, ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మిగిలిన డబ్బు ఆటోకు. మళ్లీ పరీక్షకు పిలిచిన రోజు పొట్టి చేతుల చొక్కా వేసి పంపండి, మీరు కూడా వెళ్లండి, మోకాలు చూడటం అయిపోగానే "చెయ్యి కూడా చూడండి సార్" అని మీరే అనండి. మొహమాటపడకండి.

రాయడం రాకపోతే ఆ వెయ్యి కూడా ఇవ్వక్కర్లేదు. వైకల్యం ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీ ఆఫీసుకు వెళ్లండి. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి ఫారం నింపి యాభై అడిగితే ఇవ్వండి, అతనూ బతకాలి. '40 గ్యారంటీ' అన్నవాడికి మాత్రం రూపాయి ఇవ్వకండి. వాడి చేతిలో ఏమీ లేదు. ఉందంటే అది ఇంకా పెద్ద గొడవ.

ప్రశ్న: ఇది ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను, లెస్టర్‌లో ఉంటాం. ఇరవై ఏళ్లయింది వచ్చి, ఇక్కడి పౌరసత్వం కూడా ఉంది. మా ఆయనకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. వైకల్యం ఉన్నవాళ్లకు ఇక్కడ ఇచ్చే పిప్ అనే భత్యానికి పెట్టుకుంటే రోజువారీ పనుల భాగంలో 4 పాయింట్లే వేశారు. మళ్లీ చూడమని అడిగినా అదే జవాబు, కిందటి వారమే ఉత్తరం వచ్చింది. ట్రిబ్యునల్‌కు వెళ్దామనుకుంటున్నాం. ఏడాది చందా కడితే గైడ్లు ఇచ్చే సైట్లు ఇక్కడ ఉన్నాయి, కట్టమంటారా? ఆయనేమో "నేను వండుకోగలను, తినగలను, మనకెందుకు ఇదంతా" అంటారు. పొద్దున చొక్కా గుండీలు నేనే పెడతాను, కూరగాయలు తరిగిస్తాను, స్నానానికి టబ్‌లోకి దిగేటప్పుడు పట్టుకుంటాను, అదేమంత పెద్ద విషయం కాదులెండి. ఇక్కడి మనవాళ్లను అడుగుదామంటే ప్రభుత్వ సొమ్ము తీసుకుంటున్నారని చెప్పుకుంటారేమోనని...
– పేరు వద్దు

జవాబు: వినుకొండ అక్కకు వద్దన్నాను కానీ మీకు అంత గట్టిగా వద్దనలేను. అక్కడి పద్ధతి వేరు. పిప్‌లో జబ్బు పేరుకు, ఎక్స్‌రేకు నేరుగా మార్కులు పడవు, మనిషి ఏ పని ఎలా చేస్తున్నాడన్న దానికి పడతాయి. రోజువారీ పనులు పది, కదలికలకు సంబంధించినవి రెండు, ఒక్కోదానికి పాయింట్లు. ఒక భాగంలో 8 వస్తే మామూలు రేటు, 12 వస్తే పెద్ద రేటు. అంటే అక్కడ రాసే మాటకు విలువ ఉంది, కాబట్టి ఎలా రాయాలో చెప్పే మంచి గైడుకూ కొంత విలువ ఉంది.

కానీ ముందు ఊరికే దొరికేవి చదవండి. పాయింట్లు వేసే వాళ్ల కోసం పిప్ ఇచ్చే శాఖే రాసుకున్న పెద్ద గైడు ప్రభుత్వ సైట్‌లో అందరికీ పెట్టారు, అంటే ప్రశ్నపత్రం దిద్దేవాడి పుస్తకం మీ చేతిలోనే ఉన్నట్టు. ఊరికే సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ పేజీల్లో ఒక్కో పని గురించి విడిగా రాశారు, అడ్వైస్‌నౌ అనే సైట్‌లో అప్పీలు గురించి మామూలు మాటల్లో ఉంటుంది. సిటిజన్స్ అడ్వైస్ ఆఫీసుకు వెళ్తే మనిషి కూర్చుని మీ కాగితాలు చూస్తాడు, మీ కౌన్సిల్‌లో భత్యాల విషయంలో సాయం చేసే వెల్ఫేర్ రైట్స్ వాళ్లు ఉన్నారేమో కూడా అడగండి, వాళ్లూ డబ్బు తీసుకోరు. ఇవన్నీ చూశాక కూడా అయోమయంగా ఉంటే, లేదా అపాయింట్‌మెంట్ దొరికేలోపు గడువు తరుముకొస్తుంటే చందా కట్టండి, తప్పు లేదు. కట్టేముందు గైడు ఎప్పుడు సవరించారో తేదీ చూడండి. స్కాట్లాండ్‌లో పిప్ బదులు వేరే భత్యం ఉంది, అప్పీలు దారి కూడా వేరు, ఆ గైడు పొరపాటున కొంటారేమో.

ఇప్పుడు మీ ఉత్తరానికే వస్తాను. 'అదేమంత పెద్ద విషయం కాదులెండి' అన్నారే, అక్కడే పాయింట్లు పోయాయి. మన ఇళ్లలో భార్య గుండీలు పెడితే దాన్ని సాయం అని ఎవరూ అనరు, కాపురం అంటారు. ఆ ఫారం నింపేటప్పుడు మీ ఆయన 'బట్టలు వేసుకోగలరా' అన్న చోట అవునని రాసి ఉంటారు. నిజానికి నడుము పైభాగానికి బట్టలు వేసుకోవడానికి ఇంకొకరి సాయం కావాలంటే దానికి 4 పాయింట్లు, టబ్‌లోకి దిగడానికి ఎక్కడానికి సాయం కావాలంటే 3, వంట చేయడానికి ఇంకొకరి సాయం కావాలంటే 4. ఇవి మీ ఇంట్లో రోజూ జరిగేవే కదా. వంట అంటే వాళ్ల లెక్కలో పండగ భోజనం కాదు, ఒక మనిషికి సరిపడా, తాజా సరుకుతో, మామూలు వంటకం ఒకటి. ఆయన 'వండుకోగలను' అన్నది మీరు తరిగిచ్చాక, మూత తీసిచ్చాక వండటం గురించి అయితే అది వేరే జవాబు.

ఇంకో రూలుంది, దాన్ని గైడు కొన్నా కొనకపోయినా గుర్తుపెట్టుకోండి. ఒక పని 'చేయగలడు' అనాలంటే ప్రమాదం లేకుండా, ఫరవాలేదన్నట్టుగా, కావాల్సినన్ని సార్లు, సబబైన టైములో చేయగలగాలి. మామూలు మనిషికి పట్టే టైముకు రెట్టింపు మించి పడితే అది సబబైన టైము కాదు. మీ ఆయన ఎప్పుడైనా తనే గుండీలు పెట్టుకుంటే గడియారం చూడండి. అలాగే ఆ ఇబ్బంది సగం కంటే ఎక్కువ రోజుల్లో ఉండాలి, కాబట్టి ఈ రోజు నుంచి ఒక నోటుబుక్కులో వారం, రెండు వారాలు రాయండి: పొద్దున ఎన్నింటికి లేచారు, వేళ్లు ఎన్నింటికి సాగాయి, ఏ పనికి మీరు వెళ్లారు. తెలుగులో రాసుకున్నా సరే, తర్వాత ఇంగ్లీషులోకి ఎత్తి రాయొచ్చు. ఒకటి చూసుకోండి, ట్రిబ్యునల్ చూసేది మొదటి నిర్ణయం వచ్చిన నాటి పరిస్థితిని. ఆ తర్వాత జబ్బు పెరిగితే అది ఈ అప్పీలులోకి రాదు. నోటుబుక్కులో 'అప్పుడూ ఇంతే' అనిపించేవాటినే ముందుకు తేవాలి.

మళ్లీ చూశామని పంపిన ఉత్తరం మీది తేదీ నుంచి నెల రోజుల్లో అప్పీలు వెళ్లాలి. ఫీజు లేదు. ముగ్గురు కూర్చుంటారు, ఒక జడ్జి, ఒక డాక్టరు, వైకల్యం గురించి దగ్గరగా తెలిసిన మనిషి ఒకరు. కోర్టు అంటే మన సినిమాల్లో బోను ఊహించుకోకండి, టేబుల్ చుట్టూ మాట్లాడటమే. మీ ఆయన ఇంగ్లీషులో తడబడితే ఫారంలోనే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని రాయండి, ఖర్చు వాళ్లదే. మీరూ వెళ్లి సాక్ష్యం చెప్పొచ్చు, చెప్పాలి కూడా, ఎందుకంటే ఆయన అక్కడా 'నాకేం, బాగానే ఉన్నాను' అనే రకంలా ఉన్నారు. పిప్ అప్పీళ్లలో విచారణ దాకా వెళ్లినవాళ్లు సగానికి పైగా గెలుస్తున్నారు. కాకపోతే ట్రిబ్యునల్ తలుచుకుంటే ఉన్న పాయింట్లు తగ్గించనూ వచ్చు. మీ కేసులో ఇప్పుడు భత్యమే రావడం లేదు కాబట్టి పోయేది పెద్దగా లేదు.

మనవాళ్లు ఏమనుకుంటారన్న సంగతి. పిప్ బీదవాళ్లకిచ్చే ధర్మం కాదు, జీతం ఉన్నా, ఇల్లు ఉన్నా వస్తుంది, ఆదాయం చూడరు. ఇది చదివే మిగతావాళ్లకు ఒక హెచ్చరిక మాత్రం: వీసా మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' అని, అంటే ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదని ఉంటే పిప్‌కు పెట్టుకోకూడదు, వీసాకే ముప్పు. ఇక్కడ మాత్రం గైడు మీద కాకుండా, అర్హత ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారు మీద డబ్బు పెట్టినా దండగ అనను.

ప్రశ్న: నాది కరీంనగర్. చూపు తక్కువ. అప్పీలు చేస్తే నా శాతం 30 నుంచి 40 అయింది, ఆసరా పింఛను వస్తోంది. నా అనుభవం అంతా పీడీఎఫ్‌గా రాశాను. 99 రూపాయలకు అమ్మితే తప్పా?

జవాబు: రాయడానికి పడ్డ కష్టానికి డబ్బు అడగడం తప్పు కాదు తమ్ముడూ. మీరు రాసింది మాత్రం చూపు గురించి, దాన్ని 'అన్ని వైకల్యాలకు' అని పేరు పెట్టి అమ్మితే తప్పు. సర్టిఫికెట్ చట్టం రెండు రాష్ట్రాలకూ ఒకటే కానీ పింఛను రూల్స్, కాగితం పెట్టే చోటు వేరు, కాబట్టి తెలంగాణకు అని పైన రాయండి, తేదీ వేయండి. 30 నుంచి 40 అయిందని అట్ట మీద వేయకండి, చూసినవాళ్లు పది శాతం కొనుక్కుంటున్నాం అనుకుంటారు. మా ఆఫీసుకు ఒక కాపీ పంపండి, 99 నేనే ఇస్తాను. మా నాన్నకు చదివి వినిపించాల్సిన పేజీలు లేకపోతే చాలు.